చెవిలో పువ్వు, గడ్డిలో అతిథి: వింతల ఛానళ్ళ మిత్రులకు బహిరంగ లేఖ

వింతలు, విడ్డూరాలు, అంతుచిక్కని రహస్యాలు చెప్పే తెలుగు యూట్యూబ్ ఛానళ్ళ మిత్రులందరికీ నమస్కారం.

పోయిన నెల ఒక రాత్రి అన్నం తింటుంటే మా మేనల్లుడు ఫోను తెచ్చి నా కంచం పక్కన నిలబెట్టాడు. "మామయ్యా, ఇది చూడు. ఆఫ్రికాలో డోగాన్ అని ఒక తెగ ఉందట. వాళ్ళకి ఏలియన్స్ వచ్చి నక్షత్రాల పాఠం చెప్పి వెళ్ళారట!" పదకొండు నిమిషాల వీడియో. అందులో రెండు నిమిషాలు సబ్‌స్క్రైబ్ చేసుకోమనీ, గంట నొక్కమనీ. మిగతా తొమ్మిదీ చూసేసరికి పప్పన్నం చల్లారిపోయింది. అది అయ్యీ అవగానే యూట్యూబ్ అదే సంగతి మీద మరో నాలుగు తెలుగు వీడియోలు వరసపెట్టింది. అన్నింట్లోనూ అవే ముసుగుల బొమ్మలు, అదే హోరు సంగీతం, చివర్లో అదే మాట: "దీనికి సైన్స్ దగ్గర కూడా సమాధానం లేదు."

ఉంది. ముప్పై ఏళ్ళకు పైగా ఉంది. అందుకే ఈ ఉత్తరం.

నేను ఖగోళ శాస్త్రవేత్తను కాను. డోగాన్‌లుండే మాలి దేశం చూసినవాణ్ణీ కాను. డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన మనిషిని. సెలవులొస్తే టేప్ రికార్డరు చంకన పెట్టుకుని ఒగ్గు కథలు, జముకుల కథలు చెప్పేవాళ్ళ ఇళ్ళ చుట్టూ తిరిగేవాణ్ణి. ఆ పనిలో పడ్డవాడికి ఎప్పుడో ఒకప్పుడు మార్సెల్ గ్రియోల్ అనే ఫ్రెంచి మానవశాస్త్రవేత్త పేరు తగులుతుంది. ఎలా వినాలో నేర్చుకోవడానికి కొంత, ఎలా వినకూడదో నేర్చుకోవడానికి మరికొంత. మీ అయిదు వీడియోల్లో ఒకదాంట్లో ఆయన పేరు తప్పుగా పలికారు, ఇంకోదాంట్లో "ఒక ఫ్రాన్స్ సైంటిస్ట్" అన్నారు, మిగతా మూడింట్లో అదీ లేదు. నా పేచీ అంతా అక్కడే మొదలవుతుంది. ఆ కథ ఎవరు అడిగితే ఎవరు చెప్పారన్నది తీసేస్తే, ఆ ఖాళీలో ఏలియన్ని కూర్చోబెట్టడం చాలా తేలిక.

మీరు చెప్పే కథ నాకు అర్థమైనంతలో ఇది. మన పంచాంగాల్లో మృగవ్యాధుడని ఉండే నక్షత్రమే సిరియస్. దానికి ఒక తోడు చుక్క ఉంది, మామూలు కంటికి కనబడదు. సిరియస్ నడక కాస్త తూలుతోందని గమనించి, పక్కన ఇంకేదో ఉండాలని 1844లో బెస్సెల్ అనే జర్మన్ ఖగోళవేత్త అన్నాడు. 1862 జనవరిలో అమెరికాలో ఆల్వన్ గ్రేహమ్ క్లార్క్ కొత్త టెలిస్కోపు పరీక్షిస్తూ దాన్ని చూశాడు. ఆ తోడు చుక్క సైజు భూమంత, బరువు ఇంచుమించు సూర్యుడంత. 50 ఏళ్ళకొక చుట్టు. మాలి దేశంలో బాండియాగరా కొండవాలు పల్లెల్లో ఉండే డోగాన్ పెద్దలు టెలిస్కోపు మొహమైనా చూడకుండా ఇదంతా చెప్పారు. దాన్ని "పో తోలో" అన్నారు. పో అంటే ఫోనియో గింజ, మన సామల కన్నా చిన్నది. అంత చిన్నదే అయినా లోకంలో అందరూ కలిసి ఎత్తినా లేవనంత బరువన్నారు. కాబట్టి నీళ్ళలో బతికే నొమ్మోలు సిరియస్ నుంచి దిగివచ్చి చెప్పి ఉండాలి. ఈ చివరి ముక్క డోగాన్ పెద్దలది కాదు, ఫ్రెంచివాళ్ళదీ కాదు. 1976లో రాబర్ట్ టెంపుల్ అనే అమెరికన్ రాసిన పుస్తకంలోది. మీ వీడియోలన్నిటికీ మూలపురుషుడు ఆయనే, మీకు తెలిసినా తెలియకపోయినా.

ఇప్పుడు వెనక్కి వెళ్దాం.

గ్రియోల్ 1931 మేలో డకార్ నుంచి జిబూటీ దాకా ఆఫ్రికాను అడ్డంగా దాటే యాత్రకు నాయకుడిగా బయల్దేరాడు. ఫ్రెంచి పార్లమెంటు దానికి ప్రత్యేకంగా చట్టం చేసి డబ్బిచ్చింది. చాలని డబ్బు కోసం ప్యారిస్‌లో ఒక బాక్సింగ్ పోటీ పెట్టారు. అందులో దిగినవాడు పనామాకు చెందిన నల్లజాతి ప్రపంచ చాంపియన్ అల్ బ్రౌన్. ఒక నల్లవాడి పిడిగుద్దుల మీద వచ్చిన డబ్బుతో నల్లవాళ్ళ సంస్కృతిని "కాపాడటానికి" వెళ్ళారన్నమాట. దాదాపు రెండేళ్ళ యాత్ర. మూడున్నర వేలకు పైగా వస్తువులతో తిరిగొచ్చారు.

ఆ వస్తువులు ఎలా వచ్చాయో చెప్పినవాడు బయటివాడు కాదు, యాత్రకు కార్యదర్శిగా వెళ్ళిన మిషెల్ లేరిస్. 1931 సెప్టెంబరులో కెమెని అనే బమానా తెగవాళ్ళ ఊళ్ళో "కోనో" అనే పూజా వస్తువును, దాని గుడిసెలోంచి బలవంతంగా ఎత్తుకొచ్చారు. ఇవ్వకపోతే లారీలో దాక్కుని ఉన్న పోలీసులు ఊరి పెద్దను పట్టుకుపోతారని లేని పోలీసులను చూపించి బెదిరించారు. ఆ పైన చేతిలో 10 ఫ్రాంకులు పెట్టారు. లేరిస్ ఇదంతా తన డైరీలో రాసి 1934లో అచ్చేశాడు. గ్రియోల్ ఆయనతో మాటలు మానేశాడు. ఆ వస్తువు ఇప్పటికీ ప్యారిస్ మ్యూజియంలోనే ఉంది. మన ఊళ్ళో పోచమ్మ గుడిలోంచి ఘటం ఎత్తుకుపోయి గద్దె మీద ఓ యాభై నోటు పెట్టి వెళ్ళారనుకోండి. ఆ తర్వాత ఆ మనిషి వచ్చి మీ కథలు చెప్పండి అంటే మనం ఏ మాత్రం చెబుతాం?

కెమెని డోగాన్ ఊరు కాదు, నిజమే. కానీ అదే బండి, అదే మనుషులు, కొన్ని వారాల తర్వాత డోగాన్ సీమలోని సాంగా చేరారు. మాట రాబట్టడమంటే ఏమిటో గ్రియోల్ తానే రాసుకున్నాడు: పరిశోధకుడు నేరం విచారించే మేజిస్ట్రేటు లాంటివాడు, విషయమే నేరం, ఎదుటివాడు ముద్దాయి, ఊరంతా తోడుదొంగలు. ఇది నేను కల్పించిన ఉపమానం కాదు సుమా. ఆయన తన పద్ధతి గురించి గర్వంగానే చెప్పుకున్నాడు.

పదిహేనేళ్ళు అలా విచారణ సాగాక, 1946 అక్టోబరులో ఒక కబురొచ్చింది. ఒగొతెమ్మేలి అనే ముసలాయన మాట్లాడాలనుకుంటున్నాడని. ఒకప్పుడు వేటగాడు. తుపాకి పేలి కళ్ళు పోయాయి. ఓగోల్ అనే వాడలో చిన్న ఇల్లు. గ్రియోల్ ఆ వాకిట్లో కూర్చుని 33 రోజులు విన్నాడు. ముసలాయన గొంతు తగ్గించి మాట్లాడేవాడు, గోడ అవతల ఎవరైనా ఉన్నారేమోనని చెవి వేసేవాడు, మధ్యలో ఆగిపోయేవాడు. సృష్టి, నీరు, నేత, మాట, కమ్మరి కొలిమి అన్నీ ఒకదాంట్లోంచి ఒకటి అల్లుకుపోయే మహా కథనం అది. 1948లో పుస్తకమై వచ్చాక ఐరోపా మేధావులు ముక్కున వేలేసుకున్నారు. అప్పటిదాకా "ఆదిమ తెగ" అని తీసిపారేసినవాళ్ళకు గ్రీకుల స్థాయి తత్వం ఉందా అని. ఒగొతెమ్మేలి దాన్ని చూడలేదు, 1947లోనే పోయాడు. చూసినా చదవలేడనుకోండి. రెండు విధాలా.

ఇక్కడ నా లాంటివాడు ఒక్క క్షణం ఆగి, ఆ వాకిట్లో మూడో మనిషి కోసం వెతుకుతాడు. ఉన్నాడు. కొగెమ్ అనే డోగాన్ సైనికుడు, దుబాసీ. గ్రియోల్‌కు డోగాన్ భాష అంత ధారాళంగా రాదు. ముసలాయన చెప్పింది కొగెమ్ ఫ్రెంచిలో చెబితే గ్రియోల్ రాసుకున్నాడు. ఆ 33 రోజుల కథలో కొగెమ్ ఎంత కలిపాడో, ఎంత మింగాడో ఇప్పుడు చెప్పడానికి టేపు లేదు. మీ వీడియోల్లో కొగెమ్ లేనే లేడు. నిజానికి ఒగొతెమ్మేలి కూడా లేడు, "డోగాన్ పూజారులు" అని గుంపుగా పోతారు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఒగొతెమ్మేలి మాటలతో వచ్చిన ఆ పుస్తకంలో సిరియస్ తోడు చుక్క కథ లేదు. అది 1950లో గ్రియోల్, ఆయన సహ పరిశోధకురాలు జెర్మెన్ డీటర్‌లెన్ కలిసి రాసిన ఒక్క వ్యాసంలో వచ్చింది. దానికి ఆధారం ముఖ్యంగా నలుగురు మనుషులు. నలుగురే. "డోగాన్ జాతికంతా వేల ఏళ్ళుగా తెలుసు" అని మీరు చెప్పేదంతా ఆ నలుగురి మీద నిలబడింది. పరికరాలు లేకుండా ఇది వాళ్ళకెలా తెలిసిందన్న ప్రశ్న తేలలేదని, అసలు దాన్ని లేవనెత్తనే లేదని రచయితలిద్దరూ అదే వ్యాసంలో ఒప్పుకున్నారు. వాళ్ళు ఏలియన్స్ ఊసెత్తలేదు. పైగా సిరియస్‌కు మూడో చుక్క కూడా ఉందని ఆ వ్యాసం చెబుతుంది. ఇన్ని పెద్ద టెలిస్కోపులు వచ్చాక కూడా అది దొరకలేదు. ఆ ముక్క మాత్రం మీ ఎడిటర్లకు కనబడదు.

ఇప్పుడు ఒక కథ చెబుతాను. బాండియాగరాలోనే పుట్టిన అమదూ హంపాతే బా అనే గొప్ప మాలి పండితుడు ఉండేవాడు. ఆఫ్రికాలో ఒక ముసలివాడు పోతే ఒక గ్రంథాలయం తగలబడినట్టే అని 1960లో యునెస్కోలో అన్నది ఆయనే. ఆ మాట పోస్టర్ల మీదికెక్కి అరిగిపోయింది. ఆయన చెప్పిన మరో సంగతి ఎవరూ పోస్టర్ వేయరు. 1928లో ఆయన తుగాన్ అనే ఊళ్ళో ఉద్యోగం చేస్తుండగా ఒక కుర్ర పరిశోధకుడు వచ్చాడు, సున్తీ సమయంలో ఇచ్చే కోడి బలి గురించి తెలుసుకోవాలని. ఫ్రెంచి అధికారి స్థానిక పెద్దను పిలిచి, అతనికి అన్నీ చెప్పి తీరాలని హుకుం వేశాడు. పెద్ద ఊరివాళ్ళను కూర్చోబెట్టాడు. సున్తీ చేసే కత్తికి పెద్ద అయిన ముసలాయన అడిగాడు: ఆ అబ్బాయి సున్తీ చేయించుకోవడానికి వచ్చాడా? లేదు, వివరాల కోసం వచ్చాడు. మరి చేయించుకోనివాడికి అన్నీ ఎలా చెబుతాం? చెప్పకపోతే అధికారి ఊరుకోడు. సరే అయితే, అన్నాడు ముసలాయన, అతన్ని గడ్డిలో పెడదాం.

గడ్డిలో పెట్టడమంటే అప్పటికప్పుడు అల్లిన కథతో అతిథిని సంతోషపెట్టి సాగనంపడం. మనం చెవిలో పువ్వు పెడతాం, వాళ్ళు మనిషినే గడ్డిలో పెడతారు. మన పువ్వులో వెటకారం ఉంటుంది. వాళ్ళ గడ్డిలో ఉన్నది పరువు కాపాడుకునే ఉపాయం. నోరు విప్పకపోతే దెబ్బ తగిలే కాలంలో బలహీనుడి దగ్గరున్న ఆయుధం అదొక్కటే.

ఒగొతెమ్మేలి గ్రియోల్‌ను గడ్డిలో పెట్టాడని నేను అనడం లేదు. అది చాలా పొట్టి తీర్పవుతుంది. చాలాసార్లు అబద్ధం ఎవరూ చెప్పరు. అడిగేవాడి కోరిక, చెప్పేవాడి మర్యాద కలిసి ఒక నిజాన్ని తయారు చేస్తాయి. ఇది నాకు పుస్తకాల వల్ల తెలియలేదు, నా చేతులారా చేసి తెలుసుకున్నాను.

పాతికేళ్ళ కిందటి మాట. కరీంనగర్ వైపు ఒక పల్లెలో ఒక ఒగ్గు కథకుడి దగ్గర బీరప్ప కథ రికార్డు చేస్తున్నాను. కథలో ఒక కోట వచ్చింది. నా బుర్రలో అప్పటికే ఒక వ్యాసం తయారుగా ఉంది, దానికి కాకతీయుల ముడి ఒకటి కావాలి. "ఈ కోట ఓరుగల్లేనా?" అని అడిగాను. "ఏమో సారూ, కోట అంటరు గంతే" అన్నాడు. టీ తాగాక మళ్ళీ అడిగాను. "కావచ్చు." సాయంత్రం, బ్యాటరీలు మార్చుకుంటూ మూడోసారి. ఆయన నా మొహం చూశాడు, రికార్డరు చూశాడు, జాలిపడ్డాడనుకుంటాను. "గదే సారూ, ఓరుగల్లే పెట్టుకోండ్రి." నేను పెట్టుకున్నాను. రెండేళ్ళ తర్వాత ఒక జాతరలో ఆయనే కథ చెబుతుంటే జనంలో నిలబడి విన్నాను. కోట దగ్గరకొచ్చేసరికి గొంతు పెంచి అన్నాడు: "గది ఓరుగల్లు కోట. సార్లు పుస్తకంల గూడ రాసిండ్రు!" జనం చప్పట్లు కొట్టారు. నాకు చెమటలు పట్టాయి. ఆ సారు నేనే.

అదే డోగాన్ సీమలో జరిగింది, ఎన్నో రెట్లు పెద్దగా. వాల్టర్ వాన్ బీక్ అనే డచ్చి మానవశాస్త్రవేత్త 1979 నుంచి తిరేలి అనే డోగాన్ ఊళ్ళో ఇల్లు కట్టుకున్నంత పని చేసి, భాష నేర్చుకుని, ఏళ్ళ తరబడి అక్కడ పని చేశాడు. గ్రియోల్ రాసిన సృష్టి కథ గురించి అడిగితే ఊరివాళ్ళు తెల్లబోయారు. సిరియస్ తోడు చుక్క గురించి అడిగితే ఎవరికీ తెలియదు. గ్రియోల్‌తో పనిచేసినవాళ్ళు "సిగి తోలో" అన్న పేరు ఎరుగుదురు, గ్రియోల్ సిరియస్‌కు డోగాన్ పేరుగా రాసింది అదే. కానీ అది ఏ నక్షత్రమో వాళ్ళలో వాళ్ళకే కుదరలేదు, ఒకరు ఒకటంటే ఇంకొకరు ఇంకోటన్నారు. ఒక్క మాటలో మాత్రం అందరూ కలిశారు: ఆ సంగతి మాకు చెప్పింది గ్రియోలే. వాన్ బీక్ ఇదంతా 1991లో ఒక పెద్ద ఆంత్రోపాలజీ పత్రికలో అచ్చేశాడు. ఎదుటివాణ్ణి కాదనడం అమర్యాదగా భావించే సమాజంలో, పదేపదే వచ్చి అడిగే గౌరవనీయుడైన దొరకు ఎలాంటి జవాబులు వస్తాయో ఆయన ఓపిగ్గా చూపించాడు. సాంగా చుట్టుపక్కల టూరిస్టు గైడ్లు గ్రియోల్ పుస్తకం కథనే "మా తాతల మాట" అని చెబుతారు. మా ఓరుగల్లు కోట లాగే.

వాన్ బీక్ మాటే ఆఖరి మాట అని అందరూ ఒప్పుకోలేదు. గ్రియోల్ కూతురు జెనెవీవ్ కలామ్-గ్రియోల్ తండ్రి తరఫున గట్టిగా బదులిచ్చింది. ఆమె స్వయంగా డోగాన్ భాష మీద జీవితకాలం పని చేసిన విదుషి. గూఢమైన జ్ఞానం ఊరందరి దగ్గరా ఉండదు, దీక్ష పొందిన కొద్దిమంది దగ్గరే ఉంటుందన్న వాదన ఆ పక్షానిది. అది కొట్టిపారేయదగ్గది కాదు. మన దగ్గర కూడా శ్రీవిద్య గురించి వీధిలో అడిగితే ఎవరు చెబుతారు? కానీ సిరియస్ విషయంలో నా మొగ్గు వాన్ బీక్ వైపే. కారణం సులువు. ఫ్రెంచి సైన్యం బాండియాగరాను 1893లో పట్టుకుంది. 1920ల్లో సిరియస్ తోడు చుక్క అయిన ఈ తెల్ల మరుగుజ్జు నక్షత్రం, దాని నమ్మశక్యం కాని బరువు ఐరోపా పత్రికల్లో మారుమోగిన వార్త. గ్రియోల్ కథ రాసుకున్నది 1946 తర్వాత. మధ్యలో యాభై ఏళ్ళ దొరతనం, దొరల బళ్ళు, ఫ్రెంచి పటాలంలో చేరి సముద్రాలు దాటి తిరిగొచ్చిన ఆఫ్రికా సైనికులు. కొగెమ్ కూడా సైనికుడే కదా. అడిగినవాడికి సిరియస్ సంగతి ముందే తెలుసు, చెప్పినవాడికి ఎటునుంచైనా తెలిసి ఉండవచ్చు. ఇన్ని దారులు తెరిచి ఉంటే ఆకాశంలోంచి కొత్త దారి తవ్వాలా?

నాకు మరీ బాధ కలిగించేది ఇంకొకటి. ఇదే ఛానళ్ళలో రామప్ప గుడి వీడియో చూశాను. ఇటుక నీళ్ళలో తేలుతుందని చెప్పేటప్పుడు మీ గొంతులో "మనవాళ్ళ తెలివి చూశారా" అన్న గర్వం పొంగింది. బాగుంది, పొంగాలి. అక్కడ ఏలియన్ రాలేదు, మన శిల్పులే చాలారు. మరి డోగాన్ ముసలాయన నోట మంచి మాట వచ్చేసరికి గ్రహాంతరవాసి ఎందుకు కావలసి వచ్చాడు? ఏలియన్ కథలో ఒగొతెమ్మేలి కేవలం టేప్ రికార్డరు. ఎవరో ఎక్కించింది తిరిగి వినిపిస్తాడు. వాన్ బీక్ చెప్పినట్టు చూసినా, గ్రియోల్ చెప్పినట్టు చూసినా, ఆయన కవి. విన్నదీ, కన్నదీ, అడిగినదీ కలిపి తన వాకిట్లో ఒక లోకాన్ని అల్లిన మనిషి. దాన్ని ఆయన దగ్గర్నుంచి ఎత్తుకుపోకండి. 10 ఫ్రాంకులు కూడా పెట్టకుండా.

మరి వీడియోకి ఏముంటుంది, వ్యూస్ రావొద్దా అంటారు. ఉన్నదంతా మీరు వదిలేశారు మిత్రులారా!

తోగునా గురించి చేయండి. ఊరి మగ పెద్దలు కూర్చుని తగువులు తీర్చే చావడి, వాళ్ళ రచ్చబండ. చెక్కిన స్తంభాలు, పైన సజ్జ చొప్ప మీటర్ల మందాన పేర్చిన కప్పు. ఆ కప్పు ఎంత కిందికి ఉంటుందంటే లోపల నిలబడలేం. ఎవరికైనా కోపమొచ్చి లేచాడో, తల ఠప్పున తగులుతుంది, మళ్ళీ కూర్చుంటాడు. మన అసెంబ్లీలకు ఇలాంటి పైకప్పు వేయిస్తే ఎలా ఉంటుందో మీ కామెంట్ బాక్సు చూసుకుంటుంది.

నక్క గురించి చేయండి. సాయంత్రం జోస్యుడు ఊరి బయట ఇసుకను చదును చేసి గళ్ళు గీస్తాడు. ఆ గళ్ళలో చిన్న పుల్లలు, గులకరాళ్ళు, గుర్తులు పెడతాడు. ఈ గడి నీది, ఈ గడి నీ పెళ్ళాంది, ఈ గడి చావుది. చుట్టూ వేరుశనగ గింజలు చల్లి ఇంటికి పోతాడు. రాత్రి పాలిపోయిన రంగు నక్క ఒకటి గింజల కోసం వచ్చి గళ్ళ మీద నడిచిపోతుంది. పొద్దున్నే వచ్చి ఆ అడుగుల్ని చదువుతాడు. సోది చెప్పేవాళ్ళను చూసిన మనకు ఇది ఒక్క క్షణంలో ఎక్కుతుంది.

కొండ గుహల గురించి చేయండి, కానీ "ఎగిరే మరుగుజ్జులు" అనకుండా. డోగాన్‌లు తాము మాండే అనే సీమ నుంచి వలస వచ్చామని, వచ్చేసరికి అక్కడ తెల్లెమ్ అనేవాళ్ళు ఉండేవారని చెప్పుకుంటారు. 1960ల నుంచి డచ్చి పురావస్తు బృందాలు ఆ గుహల్లోకి దిగి చూస్తే తెల్లెమ్ శవాలు, ధాన్యపు గాదెలు, నేసిన గుడ్డలు దొరికాయి. 11వ శతాబ్దం నుంచి 16వ శతాబ్దం దాకా వాళ్ళు నిజంగానే ఉన్నారు. నోటి మాట ఇక్కడ తవ్వకానికి సరిపోయింది. మరోచోట సరిపోలేదు. డోగాన్ పేరు కింద ఇరవై దాకా భాషలున్నాయి, అవి మాండే భాషలకు దగ్గర చుట్టాలు కావు. వాటి మధ్యలోనే బంగిమే అనే ఒక భాష ఉంది. అది మాట్లాడేవాళ్ళు తామూ డోగాన్‌లమే అంటారు. కానీ ఆ భాషకు ప్రపంచంలో ఇప్పటిదాకా ఒక్క చుట్టం కూడా దొరకలేదు. రహస్యం కావాలంటే ఇదిగో అసలు సిసలు రహస్యం, అందులో ఏలియన్లు లేరు.

సిగి పండుగ గురించి చేయండి. 60 ఏళ్ళకొకసారి వస్తుంది. చావు ఈ లోకంలోకి వచ్చిన సంగతినీ, తొలి పూర్వీకుడినీ తలుచుకునే పండుగ. ఊరి నుంచి ఊరికి, ఏడాది నుంచి ఏడాదికి నడుస్తుంది. మామూలు భాష కాక సిగి సో అనే రహస్య భాషలో మాట్లాడతారు. పోయినసారి 1967లో మొదలై 1973 దాకా సాగింది. జాన్ రూష్ అనే ఫ్రెంచి దర్శకుడు డీటర్‌లెన్‌తో కలిసి ఏటేటా వెళ్ళి చిత్రీకరించాడు. ఆ లెక్కన మళ్ళీ 2027లో మొదలు కావాలి. మన సంవత్సరాల చక్రం కూడా 60కే తిరుగుతుంది. 1967 ప్లవంగ, 2027 మళ్ళీ ప్లవంగ. ఇలా చెప్పి మీకొక కొత్త థంబ్‌నైల్ అందించానేమోనని భయంగా ఉంది. "డోగాన్‌లకు మన పంచాంగం ఎలా తెలిసింది?" అని దయచేసి పెట్టకండి. మనకు అరవై గురువు, శని గ్రహాల లెక్కతో వచ్చింది. వాళ్ళకు అరవై వాళ్ళ సొంత లెక్కతో వచ్చింది. ఈ పండుగను సిరియస్‌తో ముడిపెడతారు గానీ, అసలు సిరియస్ తోడు చుక్క తిరిగేది 50 ఏళ్ళకు, 60కి కాదు. ఆ పది తేడాను కూడా ఏ వీడియో పట్టించుకోలేదు.

2027లో సిగి జరుగుతుందా అన్నది వేరే సంగతి. ఆ కొండవాలు ఇప్పుడు యుద్ధభూమి. 2019 మార్చిలో ఒగొస్సాగు అనే, పశువులు మేపుకుని బతికే ఫులానీల పల్లెలో ఒక్క పొద్దున నూట యాభై మందికి పైగా చనిపోయారు. డోగాన్ వేటగాళ్ళ సాయుధ దళాల మీద ఆరోపణ వచ్చింది. ఆ జూన్‌లో సోబానె-దా అనే డోగాన్ పల్లె తగలబడింది. మధ్యలో జిహాదీ గుంపులు. సజ్జలూ పాలూ ఇచ్చిపుచ్చుకుని, పంట కోసిన చేలల్లో ఒకరి పశువులను ఒకరు మేపనిచ్చి బతికిన ఊళ్ళివి. మీ వీడియోలో "నేటికీ ఆ రహస్య తెగ కొండల్లో ప్రశాంతంగా జీవిస్తోంది" అని వినబడుతుంటే, పక్కన అదే ఫోనులో ఆ వార్తలు చదువుతున్న నాకు ఏమనాలో తోచలేదు.

గ్రియోల్‌ను మొత్తంగా దుర్మార్గుడిని చేసి ఇంకో వీడియో వేస్తారేమో, అదీ వద్దు. సాంగాలో ఆనకట్ట కట్టించడానికి ఆయన పూనుకున్నాడు. ఆ నీళ్ళ మీద డోగాన్‌లు ఉల్లి పండించారు. ఆ ఉల్లిని దంచి ఉండలు చేసి ఎండబెట్టి మాలి సంతలన్నిటికీ పంపుతారు. 1956లో ఆయన ప్యారిస్‌లో పోతే సాంగాలో తమ మనిషికి చేసినట్టే కర్మ చేశారు. రైతు పోతే కర్మ చివర్లో అతని పారను విరుస్తారు, పని ముగిసిందని. గ్రియోల్ చేతిలో ఎప్పుడూ పార చూడలేదు కదా. చూసింది పెన్సిలు. దాన్ని విరిచారు.

నేను కోరేది మూడు ముక్కలు. ఉన్న వీడియోల కింద పైన కనబడేలా ఒక కామెంటు పిన్ చేయండి: ఈ కథ 1950 నాటి ఒక వ్యాసంలోదని, 1991లో ఇంకొకాయన వెళ్ళి అడిగితే అక్కడివాళ్ళు తెలియదన్నారని. "ఏలియన్స్" అన్న థంబ్‌నైల్ మార్చండి. ఇకమీదట ఏ దేశం నోటి కథ చెప్పినా, ఎవరు అడిగారు, ఎవరు చెప్పారు, మధ్యలో ఎవరు అనువదించారు అన్నది ఒక్క నిమిషం చెప్పండి. సబ్‌స్క్రైబ్ చేసుకోమనడానికి రెండు నిమిషాలు తీసుకుంటున్నారు కాబట్టి టైము లేదనలేరు.

స్క్రిప్టు రాసుకున్నాక చూసిపెట్టమంటే చూసిపెడతాను. డబ్బు అక్కర్లేదు, పేరు వేయనక్కర్లేదు. వేస్తే మాత్రం, ఆ ఒగ్గు కథకుడి దగ్గర ఓరుగల్లు అబద్ధం పుట్టించిన మాస్టారు అని వేయండి. మా మేనల్లుడికి ఇదంతా చెబితే, వాడు విని విని ఒకటే అడిగాడు: నక్క వీడియో ఎప్పుడొస్తుందని.

ఇట్లు,
మీ వీక్షకుడు, రిటైరైన ఒక తెలుగు మాస్టారు